చిరిగిన కాగితం సాక్ష్యం

పాతకాలపు చెక్క విల్లు చేతికి దొరికితే ఒక చిన్న పని చేసి చూడండి. బాణం తొడిగి, కుడిచేత్తో పూర్తిగా లాగి, మొనను ఎదుటి గోడ మీద మేకుకి సూటిగా పట్టండి. వదలొద్దు. నారి మీద పట్టు అలాగే ఉంచి, మెల్లమెల్లగా ముందుకు పోనివ్వండి. మేకునే చూస్తున్న మొన అంగుళం అంగుళానికీ ఎడమకి జరుగుతూ పోతుంది. నారి తన చోటికొచ్చి ఆగేసరికి బాణం మేకుని ఎప్పుడో వదిలేసి కిటికీ వైపు చూస్తుంటుంది.

ఇందులో మాయేమీ లేదు. నారి ఉండేది విల్లు నడిమధ్యకి సరిగ్గా వెనక. బాణం ఆనేది విల్లు పక్కన. మధ్యలో కర్ర అడ్డం. విల్లు వెడల్పులో సగం, బాణం మందంలో సగం కలిపి 2 సెంటీమీటర్లనుకోండి. పూర్తిగా లాగినప్పుడు నారి విల్లుకి 70 సెంటీమీటర్లు వెనక ఉంటే, బాణం నడిమి గీతకి ఒకటిన్నర డిగ్రీ పైచిలుకు ఏటవాలుగా ఉంటుంది. నారి తిరిగొచ్చి 17 సెంటీమీటర్ల దగ్గర ఆగేటప్పుడు అదే ఏటవాలు దాదాపు 7 డిగ్రీలు. అంటే ఈ కాస్త ప్రయాణంలోనే మొన 5 డిగ్రీలు పక్కకి తిరగాలి. 50 మీటర్ల దూరంలో 5 డిగ్రీలంటే 4 మీటర్ల పైమాటే. మన బోర్డు సంగతి సరే, పక్కవాడి బోర్డు దాటి పోవాలి.

కానీ తగులుతుంది. విల్లు పుట్టిన నాటినుంచీ తగులుతూనే ఉంది. పని జరిగిపోతున్నంత కాలం ఎలా జరుగుతోందని అడిగే తీరిక వేటగాడికీ లేదు, సైనికుడికీ లేదు. అలా అడిగినవాళ్లలో అమెరికాకి చెందిన ఇ.జె. రెండ్‌టార్ఫ్ ఒకడు. 1913లో ‘ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్’ పత్రికలో ఈ సంగతి చర్చకు పెట్టాడు. పైన చెప్పిన పరీక్షకి ఇంకో మెట్టు కూడా చేర్చాడు. బాణాన్ని 3 అంగుళాలు మాత్రమే లాగి వదిలితే ఎడమకే పోయింది. పూర్తిగా లాగి వదిలితే గురికే పోయింది. విల్లు అదే, బాణం అదే, మనిషీ అతనే. ఆ తర్వాత రాబర్ట్ ఎల్మర్ అనే వైద్యుడు, తనూ విలుకాడే, దీనికొక పేరు పెట్టాడు. తెలుగులో చెప్పుకోవాలంటే ‘విలుకాడి విరోధాభాసం’.

మొదట అనుమానం విల్లు మీదికి పోయింది. వదిలిన అదురుకి విల్లే పక్కకి తప్పుకుని బాణానికి దారి ఇస్తుందని చాలామంది అనుకున్నారు. వినడానికి బాగుంటుంది. గట్టిగా లాగితే అదురు ఎక్కువ, కాబట్టి తప్పుకోవడమూ ఎక్కువ. 3 అంగుళాల లాగుడికి ఆ అదురు చాలలేదు, అంతే.

ఈ వాదనని చెడగొట్టే సాక్ష్యం మాత్రం విలుకాళ్ల అమ్ములపొదిలోనే ఉంది. ఒకే పొడవు, ఒకే బరువు ఉన్న రెండు బాణాలని ఒకే విల్లుతో ఒకే మనిషి వేసినా ఒకచోట పడవు. కుడిచేత్తో లాగేవాడైతే బిర్రుగా ఉన్న బాణం ఎడమకి, మెత్తగా ఉన్నది కుడికి పోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు బాణాలని చేత్తో వంచి చూసి జత కలిపేవాళ్లు. తప్పుకునేది విల్లే అయితే, బాణం బిర్రుగా ఉందా మెత్తగా ఉందా అన్నదానితో దానికేం పని? తాళంచెవి బాణం నడుములో ఉందన్నమాట.

దాన్ని కళ్లతో చూపించింది కెమెరా. క్లారెన్స్ హిక్‌మన్ భౌతిక శాస్త్రవేత్త. కుర్రతనంలో రాబర్ట్ గొడ్డార్డ్ దగ్గర రాకెట్ల మీద పనిచేశాడు, తర్వాత బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. 1930ల్లో అతను బాణం విల్లుని వదిలే క్షణాన్ని అతివేగపు కెమెరాతో తీశాడు. అతను, పాల్ క్లాప్‌స్టెగ్, ఫారెస్ట్ నాగ్లర్ కలిసి అప్పటిదాకా రాసిన వ్యాసాలు 1947లో ఒక పుస్తకంగా వచ్చాయి. ఉద్యోగాలు వేరే చోట, మనసు మాత్రం వింటి మీద. ఇలాంటి వాళ్ల వల్లే కొన్ని విద్యలు బతుకుతాయి.

ఆ బొమ్మలు చెప్పిందేమిటంటే, వేళ్ల మీంచి జారే నారి తిన్నగా ముందుకి రాదు. వేలికొనలు దాటేటప్పుడు కాస్త ఎడమకి తన్నుకుని వస్తుంది. ఆ పక్కపోటుకి తోడు వెనకనుంచి నారి తోపు, ముందు మొన బరువు. రెంటి మధ్య ఇరుక్కున్న కాడ నడుం వంచుతుంది. మొదటి వంపు విల్లు వైపు, కర్రని ఒత్తుకుంటుంది. వెంటనే ఎదురు వంపు, నడుం విల్లుకి దూరంగా జరుగుతుంది, ఆ సందులో సగం బాణం దాటేస్తుంది. తోక విల్లు దాకా వచ్చే వేళకి మూడో వంపు అందుకుని తోకని బయటికి తప్పిస్తుంది. ఈకలు కర్రకి తగలనే తగలవు. పాము రాయిని చుట్టి పోయినట్టు బాణం విల్లుని చుట్టి పోతుంది. విల్లు తప్పుకోనక్కర్లేదు.

గాలిలోకి వెళ్లాక కూడా ఆ ఆట ఆగదు. చేప ఈదినట్టు ఊగుతూనే పోతుంది. ఆ ఊగుడులో రెండుచోట్లు మాత్రం నిలకడగా ఉంటాయి: మొనకి కాస్త వెనకొకటి, తోకకి కాస్త ముందొకటి. ఆ రెంటినీ కలిపిన గీత గురి వైపు ఉంటే చాలు, మిగతా ఒళ్లు ఎటు ఊగినా ఫర్వాలేదు.

బాణం కొనేవాడికి దీన్లోంచి మిగిలిన ముక్క ఒక అంకె, దాన్నే స్పైన్ అంటారు. కాడని 28 అంగుళాల దూరంలో రెండు ఆనికల మీద పెట్టి, నడిమధ్య 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం కిందికి దిగితే అది 500. అంగుళంలో 340 వేయోవంతులు దిగితే 340. అంకె చిన్నదైతే బాణం బిర్రు. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి అర్థం చేసుకుని డబ్బు తగలేసుకోవడం ప్రతి రేంజ్‌లోనూ చూస్తాం.

చిక్కు విడిపోయిందనే అందరూ అనుకున్నారు. ఆ పైన అసలు చిక్కనేదే లేకుండా చేసే విల్లు ఒకటి వచ్చింది. మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ వింటి కొనలకి కప్పీలు బిగించి 1966లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు, 1969 చివర్లో వచ్చింది. అదే కాంపౌండ్ విల్లు. ఇప్పటి కాంపౌండ్‌లో రైజర్‌ని, అంటే నడిమి పిడిని, బాణం పోయే చోట లోపలిదాకా కోసేస్తారు. బాణం నారి తలంలోనే ఉంటుంది, అడ్డం వచ్చే కర్రే లేదు. నారిని వేళ్లతో లాగరు. నారికి కట్టిన డి-లూప్‌కి రిలీజ్ కొక్కెం తగిలించి లాగుతారు, మీట నొక్కితే టక్కున విడుస్తుంది. వేలికొనల మీంచి జారడం లేదు, పక్కపోటూ లేదు. పూర్తిగా లాగాక క్యామ్‌లు, అంటే కొనల మీది ఆ కప్పీలు, భారాన్ని మింగేస్తాయి. 60 పౌండ్ల విల్లయినా చేతి మీద మిగిలేది 12 నుంచి 20 పౌండ్లు. తీరిగ్గా గురి చూసుకోవచ్చు. చిక్కుకి కారణాలు రెండు, రెండూ పోయాయి.

పోతే మరి కాంపౌండ్ వేసేవాళ్లు పోటీకి ముందు కాగితాలు ఎందుకు చింపుతుంటారు?

ఎంత నిక్కచ్చి కావాలో ముందు చెప్పాలి. కాంపౌండ్ పోటీ 50 మీటర్లకి. పది మార్కుల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు. మా బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల వ్యక్తిగత ఫైనల్లో 149 కొట్టింది. 15 బాణాలు, అన్నీ పదులైతే 150. అర్జునుడు తపస్సు చేశాడని చెప్పుకునే ఇంద్రకీలాద్రి కిందే ఉన్నాం కాబట్టి ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందని అడిగేవాళ్లు కూడా మా ఊళ్లో ఉంటారు. 50 మీటర్లలో 4 సెంటీమీటర్లు పక్కకి పోవడమంటే, 70 సెంటీమీటర్ల బాణం మీద కొలిస్తే అర మిల్లీమీటరు. పోస్టుకార్డులు రెండు కలిపి పెట్టినంత మందం. అంత తేడాలో పది తొమ్మిదవుతుంది.

నాది 48 పౌండ్ల సెకండ్‌హ్యాండ్ కాంపౌండ్. యాభై దాటాక తగులుకున్న సరదా. చలికాలమంతా బుద్ధిగానే ఉంది. మే నెలలో తేడా చేసింది. 20 మీటర్ల దగ్గర సైట్ సరిచేసుకుంటే బాణాల గుంపు బోర్డు నడిమి పసుపులో పడేది, అదే సైట్‌తో 50కి వెళితే ఎడమన ఎరుపులోకి. 50లో సరిచేస్తే మళ్లీ 20లో కుడికి. వారం రోజులు సైట్ మర తిప్పుతూనే ఉన్నాను. తప్పు సైట్‌దే అయితే ఒకచోట సరిచేస్తే రెండోచోట కూడా సర్దుకోవాలి. ఒకచోట బాగైతే ఇంకోచోట చెడుతోందంటే చూపు గీతా, బాణం పోయే గీతా ఎక్కడో కత్తెర వేసుకుంటున్నాయని అర్థం. ఇది ఇప్పుడు రాస్తున్నంత తేలిగ్గా అప్పుడు తట్టలేదు.

మా రేంజ్‌లో ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె నా అవస్థ చూస్తూ ఉంది. ఆఖరికి ఉండబట్టలేక వచ్చింది.

“అంకుల్, ఆ మర అరిగిపోతుంది. పేపర్ వేద్దాం రండి.”

పీవీసీ గొట్టాలతో చేసిన చట్రానికి పాత దినపత్రిక బిగించింది. వెనక బోర్డు, ముందు రెండు మీటర్ల దూరంలో నేను. గురి ఏమీ అక్కర్లేదు, కాగితం మధ్యలోంచి పోతే చాలు. వేశాను. దగ్గరికెళ్లి చూస్తే మొన చేసిన గుండ్రటి చిల్లు ఒకటి. దానికి పైన, ఎడమగా, ఒకటిన్నర అంగుళం అవతల మూడు వేన్లు, అంటే తోక ఈకలు, చేసిన మూడు చీలికలు. రెంటినీ కలుపుతూ కాడ చింపిన గాడి. బాణం తిన్నగా దూరితే ఒక్క చిల్లు, దాని చుట్టూ మూడు గీతలు ఉండాలి. నాది తోక ఎత్తుకుని, పక్కకి తిరిగి దూరింది. రెండు మీటర్లలోనే అలా ఉంటే 50 దాకా ఏం చేసిందో ఊహించుకోవచ్చు. వెనకున్న వేన్లు దాన్ని దారిలో పెడుతూ ఉంటాయి గానీ, పెట్టేలోపు గాలికి లొంగుతుంది, వేగం పోగొట్టుకుంటుంది, ఒక్కో బాణం ఒక్కోలా సర్దుకుంటుంది.

“రెండు రోగాలున్నాయి అంకుల్. ముందు పైది చూద్దాం, ఎడమ తర్వాత” అంది.

నారికి బాణం తొడిగే చోటు ఎత్తు కొలిచింది. మార్పు లేదు. తర్వాత నన్ను లాగి పట్టుకోమని, పక్కన నిలబడి ఒకసారి పై క్యామ్‌నీ, ఒకసారి కింది క్యామ్‌నీ చూసింది. పై క్యామ్ స్టాప్‌కి ఆనేసింది. కిందిది ఇంకా కొంచెం తిరగాల్సి ఉంది. రెండు ఎడ్లలో ఒకటి ముందడుగు వేస్తే కాడి వంకర పోయినట్టు, రెండు క్యామ్‌లు ఒక్కసారి ఆగకపోతే, వదిలాక నారి కూడా పై కొసన ఒక వేగంతో, కింది కొసన ఇంకో వేగంతో వస్తుంది. బాణం తోక మట్టంగా రాదు.

“ఎండలో పెట్టారా దీన్ని?”

పెట్టాను. కారు డిక్కీలో, మే నెల బెజవాడలో, రెండు మధ్యాహ్నాలు. ఈ విళ్ల నారి, క్యామ్‌లని కలిపే కేబుళ్లు అతిగట్టి ప్లాస్టిక్ పోగులతో పేనినవి. ఇనప తీగతో పోటీపడే బలమే గానీ, వేడిలో బరువు మీద ఉంచితే వెంట్రుకవాసి సాగుతాయి. రెండు కేబుళ్లూ సమానంగా సాగితే గొడవ లేదు. ఒకటి ఎక్కువ సాగితే క్యామ్‌ల జోడీ తప్పుతుంది. విల్లుని ప్రెస్‌లో పెట్టి బిగువు తీసి, సాగిన కేబుల్‌కి అర మెలిక వేసింది. మెలిక వేస్తే తాడు పొట్టిదవుతుంది. చూసింది, ఇంకో అర మెలిక వేసింది. ఈసారి రెండు క్యామ్‌లూ ఒకేసారి ఠక్కుమన్నాయి. (ప్రెస్ లేకుండా కాళ్లతో తొక్కిపట్టి ఈ పని చేసే వీరులున్నారు. ఒక వీరుడి చేతి కుట్లు నేను చూశాను.)

కొత్త కాగితం. ఎత్తు పోయింది. తోక ఎడమకి మాత్రం అలాగే ఉంది, అంగుళం.

ఇక్కడ అనుమానితులు ఎక్కువ. రెస్ట్, అంటే బాణం ఆనే ఆనిక, పక్కకి జరిగి ఉండొచ్చు. బాణం స్పైన్ తప్పయి ఉండొచ్చు. వేన్లు కేబుల్‌కో రెస్ట్‌కో తగులుతుండొచ్చు. ఆ అమ్మాయి బ్యాగ్‌లోంచి ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా తీసి, బాణం వెనక భాగానికీ రెస్ట్‌కీ పూసి వేయించింది. ఏదైనా తగిలితే పౌడర్ మీద గీత పడాలి. పడలేదు. వేన్లు నిర్దోషులు.

తర్వాత చట్రాన్ని నాలుగు మీటర్లకి, ఆరు మీటర్లకి జరిపింది. ఇది నాకు భలే నచ్చిన పరీక్ష. చీలిక బాణం ఊగుడు వల్ల వచ్చేదైతే, దూరం మారినప్పుడు చీలిక కూడా దిక్కు మార్చాలి, చేప తోక ఒకసారి ఇటు ఒకసారి అటు ఉన్నట్టు. మాది మూడు దూరాల్లోనూ ఎడమే, దూరంతో కాస్త తగ్గిందంతే. అంటే స్పైన్ మీద నేరం మోపడం కష్టం. విల్లుని వదిలేటప్పుడే బాణం పక్కకి తిరిగి పుడుతోంది.

“ఒకసారి ఇటివ్వండి” అని నా విల్లు, నా రిలీజ్, నా బాణమే తీసుకుంది. లాగుడు పొడవు ఆమెకి అరంగుళం ఎక్కువే అయినా వేసేసింది.

చిల్లు. చుట్టూ మూడు గీతలు. ఎడమకి ఒక గోరు అంచంత జరుగుడు ఉందేమో, అంతే.

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. నా విషయంలో మద్దెల సగం నిజంగానే ఓడు. మిగతా సగం నేను. ఆమె నా ఎడమ అరచెయ్యి తిప్పి చూసింది, చెయ్యి చూసి జోస్యం చెప్పేవాడిలా. పిడి ఒత్తుకున్న ఎర్రటి గుర్తు బొటనవేలి కింద కండ మీద మొదలై, ఆయుష్షు రేఖని దాటి అరచేతి మధ్యదాకా వచ్చింది.

“ఈ రేఖ దాటకూడదు అంకుల్. దాటితే మీరు పట్టుకున్నట్టు కాదు, తిప్పుతున్నట్టు.”

రైజర్‌ని గుప్పిట పడితే, లాగుతున్నంతసేపూ చెయ్యి దాన్ని మెలిపెడుతూ ఉంటుంది. పట్టుకున్నవాడికి తెలియదు. వదిలిన క్షణంలో ఆ మెలిక విడిపోయి విల్లు గిర్రున తిరుగుతుంది, బాణం ఇంకా నారి మీద ఉండగానే. బాణం నారి మీద ఉండేది సెకనులో దాదాపు నూరోవంతు. ఆ కాస్తలోనే తోక పక్కకి పోతుంది. మొదట విల్లు మీద నింద వేశారు, తర్వాత బాణం నడుములో తేలింది, నా దాకా వచ్చేసరికి బొటనవేలి దగ్గర ఆగింది.

వేళ్లు వదులుగా వేలాడేసి, మణికట్టుకి స్లింగ్ కట్టుకుని, పిడిని రేఖకి ఇవతలే ఆనించడం నేర్చుకోవడానికి పది రోజులు పట్టింది. చెయ్యి వదిలేస్తే విల్లు పడిపోతుందన్న భయం ఎంతకీ పోదు. స్లింగ్ ఉందని తెలిసినా పోదు. పదకొండో రోజు కాగితం మీద నా చీలిక కూడా ఆమె చీలికంతే ఉంది.

ఆ మిగిలిన గోరంచు ఎవరిది? కేబుళ్లది. బాణానికి అడ్డం రాకుండా కేబుళ్లని ఒక కడ్డీ కుడివైపుకి లాగి పెడుతుంది. అవి నడిమధ్యలో లేవు కాబట్టి లింబుల్ని, అంటే వింటి కొమ్ముల్ని, ఒకపక్కకే గుంజుతుంటాయి. విల్లు ఖాళీగా ఉన్నప్పుడు భారం ఎక్కువగా నారి మీద, లాగినప్పుడు కేబుళ్ల మీద. భారం మారేకొద్దీ క్యామ్‌లు కాస్త ఇటు, కాస్త అటు ఒరుగుతాయి, వాటితోపాటు నారి కూడా. కర్ర అడ్డం తీసేసి చిక్కు వదిలించుకున్నామనుకుంటే, దాన్ని తీసేసిన యంత్రమే ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. ఈసారి అడ్డం వచ్చింది తాడు.

దానికి మందు రెస్ట్‌ని జరపడం. ఆ అమ్మాయి మరని పావు చుట్టు తిప్పింది. చీలిక పెరిగింది. “ఇటు కాదు” అని నవ్వి వెనక్కి తెచ్చి, అవతలికి పావు చుట్టు. తగ్గింది. ఇంకో అరపావు. ఆగింది. తర్వాత బోర్డు మీద నిలువుగా ఒక తాడు వేలాడదీసి, సైట్ ముట్టుకోకుండా 20, 30, 40, 50 మీటర్ల నుంచి వేయించింది. దూరం పెరిగేకొద్దీ బాణాలు కిందికి పడ్డాయి. ఒకదాని కింద ఒకటి, తాడు వెంబడే. చూపు గీతా, బాణం గీతా కత్తెర వేసుకోవడం మానేశాయి.

చివరి కాగితం చింపకుండా తీసి, మీద తేదీ వేసి, విల్లు పెట్టెలో మడిచి పెట్టాను. సినిమా ప్రకటన మధ్యలో చిల్లు, చుట్టూ మూడు గీతలు. జూన్‌లో తొలకరి పడ్డ వారం మళ్లీ ఒక కాగితం వేసి రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమ లేదు. తోక మాత్రం పావంగుళం పైకి లేచింది. ఈసారి డిక్కీలో పెట్టలేదని ఆ అమ్మాయికి ఒట్టేసి చెప్పాల్సి వచ్చింది.